సిగ్నల్ లేని రోజులకు రీఛార్జ్ ఎందుకు?

సంపాదకుడు గారికి,

మా ఊరి టవర్‌ను ఈ మధ్య కొత్త టెక్నాలజీకి మార్చారు. అప్పట్నుంచీ ఇంట్లో కూర్చుని ఫోన్ మాట్లాడే యోగం పోయింది. మిద్దె ఎక్కితే మాట కలుస్తుంది, దిగితే తెగుతుంది. కస్టమర్ కేర్‌కు మొరపెట్టుకుంటే ఫోన్ ఆపి ఆన్ చేయమంటారు, సిమ్ తీసి పెట్టమంటారు, చివరికి మీ సెట్ పాతది, మార్చుకోండి అంటారు. నేననేది ఒకటే: టవర్ మార్చింది కంపెనీ కాబట్టి ఆ నష్టం భరించాల్సిందీ కంపెనీయే.

అప్‌గ్రేడ్ తర్వాత ఇలా ఎందుకవుతుందో కంపెనీలకు తెలియనిది కాదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తరంగం దూరం పోలేదు, గోడలు దాటే బలమూ తగ్గుతుంది. 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఇంటి నడిమి గదిలోకి వచ్చినంత సులువుగా 5జీకి వాడే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ రాదు. పైగా చాలాచోట్ల 3జీని మూసేసి ఆ స్పెక్ట్రమ్‌ను 4జీకి మళ్లించారు. 4జీ మీద కాల్ మాట్లాడే వోల్టీ సౌకర్యం లేని పాత సెట్ ఉన్నవాళ్లు మళ్లీ 2జీకి దిగారు. ఈ సంగతి ముందుగా పంచాయతీ ఆఫీసు గోడ మీద ఒక కాగితం అంటించి చెప్పొచ్చు. మాకెవరూ చెప్పలేదు.

ఫోన్ సెట్టింగ్స్‌లో 5జీ ఆపేసి 4జీ పెట్టుకోవడం, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ వాడుకోవడం కొంత మేలే. సిగ్నల్ బూస్టర్లు మాత్రం కొనకండి. అనుమతి లేకుండా పెట్టుకోవడం చట్టవిరుద్ధం, దానివల్ల ఇరుగుపొరుగు సిగ్నల్ కూడా పాడవుతుంది.

ఇది కబుర్లు చెప్పుకోవడానికి వచ్చిన ఇబ్బంది కాదు. బ్యాంకు ఓటీపీ రావాలి, రేషన్ షాపులో మిషన్ పనిచేయాలి. ఉపాధి హామీ కూలీల హాజరు 2023 జనవరి 1 నుంచి యాప్‌లో ఫొటో ఎక్కితేనే లెక్క. ఎండలో మట్టి తవ్విన మనిషి కూలి ఆ ఫొటో మీద ఆధారపడి ఉంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా ప్రమాణాల ప్రకారం జిల్లా స్థాయిలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి నిలిచిపోతే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వారికి వ్యాలిడిటీ పెంచాలి. బాగానే ఉంది. కానీ మాది జిల్లా కాదు, ఊరు. సిగ్నల్ పూర్తిగా చావనూ లేదు, కొన ఊపిరితో ఉంది. కాబట్టి ఈ నిబంధన మాకు వర్తించదు. ఇక నాణ్యత లెక్కలు చూద్దామంటే, రాష్ట్రాలు విడిపోయి ఇన్నేళ్లయినా టెలికాం వారికి ఆంధ్ర, తెలంగాణ కలిపి ఒకటే సర్కిల్. సర్కిల్ సగటు తీస్తే మాచర్ల అవతలి పల్లెలో తెగిన కాల్ గచ్చిబౌలిలో కలిసిన కాల్స్‌లో కలిసిపోతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లోని కవరేజీ మ్యాప్‌లో మా ఊరికి నిండుగా రంగు పూశారు. గోడల మధ్య ఏం జరుగుతుందో ఆ రంగు చెప్పదు.

నచ్చకపోతే పోర్ట్ అవ్వొచ్చు కదా అంటారు. రెండో కంపెనీ టవర్ దగ్గర్లో ఉన్న ఊళ్లకు అది సరే. మాకున్నది ఒక్కటే టవర్. (పోర్ట్ కోసం 1900కు మెసేజ్ పంపాలన్నా మిద్దె ఎక్కాల్సిందే.)

ఇలాంటి ఇబ్బంది పడుతున్న పాఠకులు ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు రాసి పెట్టుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీ అప్పీల్ అథారిటీకి వెళ్లండి. టెలికాం ఫిర్యాదులను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16న తేల్చి చెప్పింది. ఇక పరిహారం నిబంధనను జిల్లా నుంచి గ్రామ పంచాయతీ స్థాయికి దించాలి, అప్‌గ్రేడ్‌కు ముందూ తర్వాతా ఊళ్లో ఇళ్ల లోపలి సిగ్నల్ కొలిచి ప్రకటించేలా చూడాలి. రెండు రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరైనా వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ఈ మాట అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా