సరుకుకన్నా ముందు చిట్టా

అల్లవరంలో ఫోన్ డేటాతో లినక్స్ వాడేవారికి ప్రతి ఎంబీ లెక్కే. చిన్న ప్రోగ్రామ్ అడిగినా ముందు ఏవో ఫైళ్లు దిగుతాయెందుకు? అవి కొట్లో స్టాకు చిట్టాలాంటివి. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉందో, దానికి తోడుగా ఏం కావాలో చెబుతాయి.

డెబియన్‌లోనూ, దాని పునాదిపై వచ్చిన తెలుగు లినక్స్ 'స్వేచ్ఛ'లోనూ ఈ పని 'ఆప్ట్'ది. 'అప్‌డేట్' కమాండ్ ఇస్తే కొత్త చిట్టా తెస్తుంది. 'ఇన్‌స్టాల్' అంటే ఉన్నదాంతోనే సరిపెడుతుంది. ఫెడోరాలోని 'డీఎన్ఎఫ్' అలా కాదు, గడువు తీరితే తనే తెచ్చుకుంటుంది. మామూలుగా ప్రధాన రిపాజిటరీకి గడువు 7 రోజులు, అప్‌డేట్లకు 6 గంటలు. ఆలస్యమంతా అక్కడే.

డేటా మిగులుతుందని చిట్టాను నెలల తరబడి వదిలేస్తే, భద్రతా సవరణలు వచ్చిన సంగతే కంప్యూటర్‌కు తెలియదు. ఆప్ట్ వాడేవారు వారానికోసారైనా అప్‌డేట్ చేసుకోండి. అమలాపురంలో చుట్టాలింట వైఫై ఉంటే మరీ మంచిది!