రై గడ్డి పరుపు మీద సోయా: అమెరికా పద్ధతిలో మనకు పనికొచ్చేది ఎంత?

ఛాతీ ఎత్తు పెరిగిన పైరును ట్రాక్టరుతో తొక్కించి, దున్నకుండానే అందులో సోయా విత్తుతున్న వీడియోలు ఈమధ్య మన రైతుల ఫోన్లలో తిరుగుతున్నాయి. "మందు లేదు, కలుపు లేదు సార్, ఆ విత్తనం ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతున్నారు. విత్తనం వెతికే ముందు, ఆ పద్ధతి అక్కడ ఎందుకు నడుస్తోందో, ఎక్కడ దెబ్బతింటోందో తెలుసుకోవాలి.

ఆ పైరు పేరు రై. గోధుమ జాతి ధాన్యం, గడ్డకట్టే చలికి కూడా తట్టుకుంటుంది. మన రాగి కాదు, హిందీలో రాయి అనే ఆవాలూ కాదు.

అమెరికాలో కోళ్లకు, పాడి పశువులకు సేంద్రియ దాణా గిరాకీ ఎక్కువ. ఆ దాణాకు కావలసిన సేంద్రియ సోయా చెక్కను పెద్ద మొత్తంలో పంపిన దేశాల్లో మనదీ ఒకటి. 2022లో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాలు వేసింది. దాంతో అక్కడే పండించే రైతుకు ఊతం దొరికింది. కానీ సేంద్రియ సోయాకు మొదటి శత్రువు కలుపు. మందు కొట్టకూడదు కాబట్టి విత్తిన దగ్గర నుంచి నాలుగైదు సార్లు యంత్రాలతో అంతరకృషి చేయాలి. సరిగ్గా ఆ రోజుల్లో వాన పట్టుకుంటే ట్రాక్టరు చేలో దిగదు. ముసురు పట్టి పది రోజులు గుంటుక నడవకపోతే చేను ఏమవుతుందో ఆదిలాబాద్, నిర్మల్ రైతులకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ ఇబ్బందికి విరుగుడుగానే పెన్సిల్వేనియాలోని రోడేల్ సంస్థ, విస్కాన్సిన్ వంటి విశ్వవిద్యాలయాలు రై పద్ధతి మీద పనిచేశాయి. సెప్టెంబరులో ఎకరానికి 60, 70 కిలోల దాకా రై విత్తనం చల్లుతారు. చలికాలమంతా భూమిని పట్టుకుని ఉండి, వసంతంలో ఒక్కసారిగా లేస్తుంది. మే చివర, జూన్ మొదట్లో పూతకొస్తుంది. అప్పుడు మొద్దు పలకలు బిగించిన బరువైన ఇనుప రోలర్‌తో తొక్కిస్తారు. కాండం తెగదు, అక్కడక్కడా నలిగి పడుకుని ఎండిపోతుంది. ఆ పరుపు కిందికి సోయా విత్తుతారు.

కలుపు అణగడానికి కారణాలు మూడు. ఒకటి నీడ: తోటకూర జాతి వంటి చిన్న గింజల కలుపుకు వెలుతురు అందదు. రెండు, రై విడుదల చేసే కొన్ని రసాయనాలు చిన్న గింజల మొలకను అడ్డుకుంటాయి. మూడోది నత్రజని. ఎండుగడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, కలుపుకు తిండి తగ్గుతుంది. సోయా మాత్రం వేరు బుడిపెలతో తన నత్రజని తాను సంపాదించుకుంటుంది. అదే పరుపులో మొక్కజొన్న వేస్తే పాలిపోతుంది. అంటే ఈ కిటుకు రైది ఎంతో సోయాది కూడా అంతే.

ఇక వీడియోల్లో కనిపించని సంగతి. పరుపు పలచగా ఉంటే పని జరగదు. హెక్టారుకు 8, 9 టన్నుల ఎండు బరువు ఉండాలని పరిశోధనలు చెబుతున్నాయి, అంటే ఎకరానికి సుమారు 32 నుంచి 36 క్వింటాళ్లు. చదరపు మీటరులో కోసి ఎండబెడితే 800, 900 గ్రాములు తూగాలి. అంతకంటే బాగా తగ్గితే సందుల్లోంచి కలుపు లేస్తుంది. లేచాక మామూలు గుంటుక ఆ గడ్డిలో నడవదు. రైతు రెంటికీ చెడతాడు. రై ఆలస్యంగా విత్తినా ఇదే తిప్పలు. అక్కడ గింజ మొక్కజొన్న కోత అక్టోబరు దాటుతుంది, అందుకే పచ్చిమేతకు ముందే కోసే పాడి రైతులకు ఇది బాగా కుదురుతుంది.

తొక్కించే రోజు కూడా కీలకం. పూత రాకముందే తొక్కితే రై మళ్లీ లేచి నిలబడుతుంది. గింజ కట్టాక తొక్కితే ఆ గింజే రాలి కలుపవుతుంది. వానలు తక్కువైన వసంతంలో రై నేలలోని తేమను తాగేసి సోయా మొలకకు మిగల్చదు. దిగుబడి కొన్నేళ్లు దున్నిన చేనుతో సమానంగా వస్తుంది, కొన్నేళ్లు తగ్గుతుంది. వేళ్లతో, దుంపలతో వచ్చే మొండి కలుపును ఏ పరుపూ ఆపదు.

మన సంగతికొస్తే, రై విత్తనం కోసం డబ్బు పెట్టవద్దని నా సలహా. మన సోయాకు ముందున్నది చలికాలపు తేమ కాదు, ఏప్రిల్, మే ఎండలు. వర్షాధార నల్లరేగడిలో ఆ రోజుల్లో ఏ పైరూ చదరపు మీటరుకు 900 గ్రాములు ఇవ్వదు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యంలో తొలకరికి ముందు చల్లే నవధాన్యాలు నేలకు మంచివే గానీ, వాటిలోని పప్పుజాతి ఆకు త్వరగా కుళ్లిపోతుంది, కలుపును నెలన్నర ఆపలేదు. ఎక్కువ కాలం నిలిచేది జొన్న, సజ్జ వంటి వాటి గడ్డి. జొన్నకు కలుపు మొలకను అణచే గుణం కూడా ఉంది.

బోరు నీళ్లున్న రైతు ఐదు గుంటల్లో చేసి చూడవచ్చు. ఏప్రిల్ మధ్యలో జొన్న, జనుము కలిపి ఒత్తుగా చల్లాలి. జూన్‌లో వానలు కుదురుకున్నాక చదరపు మీటరు కోసి, ఎండబెట్టి తూచాలి. చాలినంత తూగితేనే మిగతాది నేలకు కోసి పరిచి, విత్తనాన్ని రైజోబియం కల్చర్‌తో శుద్ధి చేసి, సాలుకు గడ్డి పక్కకు జరిపి సోయా వేయాలి. కోసిన జొన్న పిలకలు వేస్తుంది, వాటిని ఒకసారి తీయాలి. తూగకపోతే కలియదున్ని మామూలుగా విత్తుకోవడమే మేలు. తుంగ, గరిక ఉన్న చెలకలో అసలు మొదలుపెట్టవద్దు.

మిగతా చేనంతటికీ పాత పద్ధతే నయం. తొలి వానకు గునుగు, ఊద మొలవనిచ్చి, పైపైన గుంటుక తోలి, ఆ తర్వాత విత్తాలి. వారం, పది రోజులు ఆలస్యమవుతుంది, అయినా జులై మొదటి వారం లోపల విత్తనం పడితే ఆ ఆలస్యం గురించి దిగులు పడనక్కర్లేదు. విత్తిన 20 రోజులకు ఒకసారి, 35, 40 రోజులకు మరోసారి గుంటుక తోలాలి. ముసురు పట్టేలా ఉంటే మొదటిది మూడు, నాలుగు రోజులు ముందే కానివ్వండి.