నూనె పూసినాక నాలుక ఊరుకోదు

మదురై హార్విపట్టి నుంచి ఒక చెల్లెమ్మ జాబు రాసింది. ఇంటాయనకు ఇప్పుడు మిల్లు పని లేదంట. వాళ్ల అత్త కాచే ఆకునూనెకు ఆ చుట్టుపక్కల మంచి పేరు. ఆవు పుండ్లకు, మేక గజ్జికి అని అడిగినవాళ్లకు ఇన్నాళ్లూ ఊరికే పోసి ఇస్తా వచ్చినారు. ఇప్పుడు సీసాల్లో పోసి, చీటీ అంటించి, ఇంటిల్లిపాదీ కలిసి వ్యాపారం పెడితే ఎట్లుంటాది అన్నా అని అడిగింది. వేపాకు, పసుపు, వెల్లుల్లి, కర్పూరం పడతాయని కూడా రాసింది. చివర్లో ఒక మాట: "కుక్కకూ పిల్లికీ కూడా పనికొస్తాదని చీటీ మీద వేయొచ్చునా?"

ఆ మాట దగ్గర నేను ఆగిపోయినాను.

మేము సింగానల్లూరు పక్క లైను ఇంట్లో ఉన్నప్పుడు మాకొక కుక్క ఉండేది. గజ్జి పట్టి, బొచ్చంతా రాలి, రాత్రంతా గీరుకునేది. మా నాయన మిల్లులో స్పిండిళ్లకు నూనె వేసే పని చేసేవాడు. నల్లబడిన పాత నూనె టిఫిను గిన్నెలో తెచ్చి దాని ఒళ్లంతా పూసినాడు. లైన్లలో అందరూ చేసే వైద్యమే అది. పురుగు ఊపిరాడక చస్తాదని నమ్మకం. కుక్క ఆ రాత్రంతా కూర్చుని ఒళ్లు నాక్కుంది. వాంతులు, దగ్గు. మూడో దినం పోయింది. మా నాయన మళ్లీ కుక్కను ఇంట్లోకి రానీలేదు. ఎందుకని మేమెవ్వరం అడగలేదు.

మనిషికి మందు పూస్తే ఒంటి మీదే ఉంటాది. పశువుకు పూసింది సగం కడుపులోకే పోతాది. యంత్రాల నూనె కడుపులో పడితే, వాంతి అయ్యేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి దిగుతాది. పిల్లి సంగతి ఇంకా కష్టం. మేలుకుని ఉన్నంతసేపూ ఒళ్లు నాక్కోవడమే దాని పని, పైగా కొన్ని మందులను విరిచే శక్తి దాని కాలేజానికి తక్కువ. పేలకు, గోమార్లకు కుక్కలకు వేసే పెర్మెత్రిన్ మందు పిల్లికి వేస్తే వణుకు, ఫిట్సు వచ్చి ప్రాణం పోవచ్చు. కర్పూరమైతే కుక్కకూ పిల్లికీ రెండింటికీ విషమే. మీ అత్త నూనెలో అది ఉండాది కదమ్మా.

ఆకువైద్యం పనికిరాదని నేను అనడం లేదు. తంజావూరులో పశువైద్యులు పుణ్యమూర్తి గారు తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం తరఫున పల్లెల ఆకుమందులకు కొలతలు కట్టినారు. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు వాటినే పాడి రైతులకు చెప్తా ఉండాది. 2022లో లంపీ చర్మరోగం రాజస్థాన్, గుజరాత్ పక్క వేలకు వేల ఆవులను పొట్టన పెట్టుకున్నప్పుడు పుండ్లకు చెప్పిన పూత ఇది: కుప్పింటాకు (మన పక్క కుప్పమేని అంటారు), వేపాకు, తులసి, గోరింటాకు ఒక్కో గుప్పెడు, వెల్లుల్లి పది రెబ్బలు, పసుపు 20 గ్రాములు. అన్నీ నూరి, అర లీటరు కొబ్బరినూనెలో గానీ నువ్వులనూనెలో గానీ కాచి, చల్లార్చి, పుండు కడిగి పూయాలి. పుండులో పురుగు పడితే సీతాఫలం ఆకు ముద్ద, లేదా కర్పూరం కలిపిన కొబ్బరినూనె. అది మొదటి దినం మాత్రమే. చూడు, కర్పూరాన్ని వాళ్లు రోజూ పూసే నూనెలో కలపలేదు. ఇది పుండుకు పూతే గానీ రోగానికి పూర్తి మందు కాదు. జ్వరం ఉంటే డాక్టరును పిలవాల్సిందే.

ఇంక వ్యాపారం మాట. మన ఆవుకు మనం కాచుకుంటే అడిగేవాళ్లు లేరు. సీసాలో పోసి "గజ్జి పోతాది" అని చీటీ మీద రాసి అమ్మితే మాత్రం అది మందుల తయారీ. 1940 నాటి మందుల చట్టంలో మందు అంటే మనుషులదే కాదు, జంతువులదీ లెక్కే. ఆయుర్వేదం, సిద్ధ మందులకూ అంతే. లైసెన్సు కావాలి, వేరే చోటు కావాలి, చదువుకున్న మనిషి దగ్గరుండాలి. వంటింటి పొయ్యికి ఒప్పుకోరు. లైసెన్సున్న కార్ఖానాలో మన సరుకు చేయించుకునే లోన్ లైసెన్సు దారి ఒకటుంది, కానీ దానికీ అర్జీ పెట్టుకోవాల్సిందే. ఖర్చు లెక్క వేయకుండా ముందే సీసాలు కొనొద్దు. నగ అసలే తాకట్టు పెట్టొద్దు.

ఇంకొకటి. ఆకు తడి మిగిలితే సీసాలో నూనె చెడిపోతాది. మా అవ్వ చిటపట పూర్తిగా ఆగినాకే బాణలి దించేది. అట్ల కాచినా దాన్ని నెలల తరబడి దాచేది కాదు. మీ అత్త ఎన్నాళ్లు దాస్తారో నువ్వు రాయలేదు, ఈసారి రాయమ్మా.

కుక్క, పిల్లి మాట ఇప్పుడే చీటీలోంచి తీసెయ్యి. ఆవు పొదుగు దగ్గర పూసేటప్పుడు దూడను దూరంగా కట్టేయమని అత్తకు చెప్పు. మళ్లీ పాలకు విడిచే ముందు పొదుగు కడగాలి.