అంగడి కెక్కని మేలు

ప్రజాధనముతో నడచు పరిశోధనశాల యేటికి ఎంత ఆర్జించినదని ప్రశ్నించు వాడుక నానాటికి ప్రబలుచున్నది. లెక్క యడుగుట తప్పుగాదు. అది పన్ను కట్టువారి హక్కు. కాని ఆర్జన నొక్కదానినే ప్రమాణముగ గైకొన్నచో, అట్టి సంస్థ యే ప్రయోజనమునకై పుట్టినదో అదియే మరుగున పడును.

ద్వితీయ ప్రపంచ సంగ్రామము సాగుచుండగా, 1942 సెప్టెంబరు 26న, నేడు సీఎస్ఐఆర్ అని యెల్లరు నెఱిగిన వైజ్ఞానిక, పారిశ్రామిక పరిశోధన మండలి అవతరించెను. శాంతిస్వరూప్ భట్నాగర్ దాని తొలి సారథి. ఆ మండలి యేమి చేయగలదో తెలియుటకు మన వరిమడి చాలును.

బాపట్లలో రూపొందిన సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు బద్ధశత్రువు. ఆకు కొన నుండి అంచుల వెంబడి పసుపుచార అలలుగ వంపులు తిరుగుచు దిగివచ్చును. వేకువను ఆ యంచులపై పాలవంటి జిగురుబొట్లు నిలుచును. తుదకు ఆకంతయు వరిగడ్డివలె ఎండిపోవును. మందు చల్లినను లొంగని తెగులిది. మండలికి చెందిన హైదరాబాదు కణ, అణుజీవశాస్త్ర కేంద్రపు (సీసీఎంబీ) శాస్త్రజ్ఞులును, రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రమువారును గూడి, తెగులును తట్టుకొను మూడు జన్యువులను సంకరణముచే సాంబ మసూరిలో చేర్చి, గింజ నాణ్యము చెడకుండ తరము తరమున డీఎన్ఏ గుర్తులను బట్టి మొలకల నేరి, మెరుగుపరచిన వంగడమును సాధించిరి. 2008లో అది విడుదలయ్యెను.

ఆ గింజను రైతు తన పొలమున పండించి, మరుసటి యేటికి విత్తుగ దాచుకొనవచ్చును. ఏటేట కొనబనిలేని విత్తనముపై, ఫలించునో లేదో తెలియని ప్రయత్నమునకై, ఏండ్ల తరబడి ధనమును వెచ్చింప వర్తకుడు వెనుకాడుట సహజము. అది యాతని దోషము గాదు, వ్యాపారధర్మమే యట్టిది. వర్తకుడు పూనుకొనని యా లోకహితకార్యమును ప్రజలు తమ సొమ్ముతో తామే చేయించుకొనుటకే యిట్టి సంస్థ లున్నవి.

ఐతే ప్రయోగశాల తలుపులు మూసికొని తన్ను తాను మెచ్చుకొనుచు గూర్చుండరాదు. తెనాలి సమీపమున యలవర్రులో జన్మించిన యలవర్తి నాయుడమ్మ, మదరాసు కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు డైరెక్టరుగ నుండి, తోళ్లు పదునుచేయువారి వాకిటికి విజ్ఞానమును గొనిపోయినవాడు. 1971లో మండలికే అధిపతియైనవాడు. ఆ మార్గమే నేటికిని శిరోధార్యము.

మన దేశము పరిశోధనపై వెచ్చించునది స్థూలజాతీయోత్పత్తిలో నూటికి ఒక్క పాలైనను లేదు. ప్రభుత్వము ఆ పాలు పెంచవలెను. ఏటికేడు కోతపెట్టక, పని ముగియువరకు నిలుచునట్లు నిధుల నీయవలెను. శాస్త్రజ్ఞులు తమ పని ఫలమును ప్రజలకు ప్రజల భాషలోనే నివేదింపవలెను. అపుడు లెక్క యడుగువాడు, ఎంత ఆర్జించితిరని గాక, ఏ తెగులు నణచితిరి, ఎవరి కష్టము దీర్చితిరని యడుగును. ఆ ప్రశ్నకు సమాధాన మీయగల సంస్థపై వెచ్చించిన ప్రతి రూపాయియు సద్వినియోగమే.