పాట ఒకరిది, బాకీ ఒకరిది

పత్రికల్లో నిలువు గళ్ల పెట్టెల్లో, చీమ తలకాయంత అక్షరాలతో బ్యాంకుల వేలం ప్రకటనలు వస్తుంటాయి. మా పేజీల్లోనూ వస్తాయి, వాటి డబ్బు మాకూ ముడుతుంది. ఆ మాట ముందే ఒప్పుకుని మాట్లాడదాం. మొండి బాకీల కోసం తాకట్టు ఆస్తిని అమ్ముకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చే సర్ఫేసీ చట్టం నిబంధనల ప్రకారం ప్రకటన రెండు ప్రధాన పత్రికల్లో రావాలి, అందులో ఒకటి స్థానిక భాషదై ఉండాలి. అందుకే ఇంటి నంబరు, హద్దులు, రిజర్వు ధర, ధరావత్తు, వేలం తేదీ వరకూ తెలుగులో ఉంటాయి. ఆపైన ‘పూర్తి షరతులకు వెబ్‌సైటు చూడగలరు’ అన్న ఒక్క ముక్క. ఆ షరతులేమో ఇంగ్లిషులో, పేజీలకు పేజీలు. కొన్నవాడి కొంప ముంచేదంతా అక్కడే ఉంటుంది.

ఆ షరతుల్లో తొలి వాక్యం దాదాపు అన్ని బ్యాంకులదీ ఒకటే. ఆస్తి ఎక్కడుంటే అక్కడ, ఎలా ఉంటే అలా, ఏముంటే అది. సంతలో ఎద్దును అమ్మే రైతు కూడా దాని నోరు తెరిచి పళ్లు చూపిస్తాడు, నాలుగడుగులు నడిపించి చూపిస్తాడు. లక్షల విలువ చేసే ఇల్లు అమ్మే బ్యాంకు చాలాసార్లు తలుపు కూడా తీసి చూపించదు.

ఒక లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో ఒక ఫ్లాటును మధ్యతరగతి దంపతులు 60 లక్షలకు పాడుకున్నారనుకోండి. రిజర్వు ధరలో సాధారణంగా 10 శాతం ఉండే ధరావత్తు ముందే కట్టి ఉంటారు. పాట నిలిచిన రోజే, కాకుంటే మరుసటి పనిదినానికల్లా, దానితో కలిపి 25 శాతం, అంటే 15 లక్షలు కట్టాలి. అమ్మకం ఖరారైన 15 రోజుల్లో మిగతా 45 లక్షలు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా గడువు పొడిగించవచ్చు, కానీ ఒప్పుకుని తీరాలని ఎక్కడా లేదు. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అంటూ ఇంటి అప్పు కోసం వచ్చినవాళ్లను బ్యాంకులు ఎన్నాళ్లు తిప్పుతాయో తిరిగినవాళ్లకు తెలుసు. అదే బ్యాంకు వేలంలో మాత్రం 15 రోజులు చాలంటుంది!

రిజిస్ట్రేషన్ చేయించుకుంటే స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రుసుము కలిపి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాధారణంగా 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అందులో 1 శాతం కొన్నవాళ్లే మినహాయించి ఆదాయపు పన్ను శాఖకు జమ చేయాలి. తెలియక మొత్తం సొమ్ము బ్యాంకుకే కట్టేసినవాళ్లు ఆ 60 వేలు మళ్లీ చేతి నుంచి తీయాల్సిందే. అయితే ఇవన్నీ ముందుగా కనుక్కోగలిగినవి. కనుక్కోలేనివి తాళం చేతికొచ్చాక మొదలవుతాయి. అప్పుల్లో కూరుకుపోయిన పాత యజమాని నెలకు 3,500 రూపాయల మెయింటెనెన్స్ ఐదేళ్లుగా కట్టలేదంటే 2,10,000 రూపాయలు. సామాను లారీ గేటు దగ్గరికి వచ్చేసరికి అసోసియేషన్ కార్యదర్శి రసీదు పుస్తకంతో సిద్ధంగా ఉంటాడు. ఆయన్నీ తప్పుపట్టలేం, లిఫ్టుకూ వాచ్‌మన్‌కూ ఇన్నేళ్లూ డబ్బు పెట్టింది మిగతా ఇళ్లవాళ్లే. ఇంటి పన్ను బకాయి, దానిపై నెలకు 2 శాతం చొప్పున పేరుకున్న అపరాధ వడ్డీ వేరే.

కరెంటు సంగతి మరీ దారుణం. పాత యజమాని బకాయిని వేలంలో కొన్నవారి నుంచి వసూలు చేయవచ్చా అన్న ప్రశ్నపై 2023 మేలో సుప్రీంకోర్టు, కేరళ విద్యుత్ బోర్డుపై నడిచిన కె.సి. నైనాన్ కేసులో, తీర్పు చెప్పింది. నిబంధనలు అనుమతిస్తే, పాత బాకీ తీరిస్తేనే కొత్త కనెక్షన్ ఇస్తామని పంపిణీ సంస్థ అడగవచ్చన్నది దాని సారాంశం. ‘ఎలా ఉంటే అలా’ అన్న షరతు మీద కొన్నవారు ముందే విచారించుకుని ఉండాలని న్యాయస్థానం అభిప్రాయం. చట్టం చదివితే ఆ మాటను కాదనలేం. కానీ పరాయి వాడి కరెంటు సర్వీసుకు ఎంత బాకీ ఉందో, అసోసియేషన్ ఖాతాలో ఏముందో బయటివాడు ఏ హోదాతో విచారిస్తాడు? ఆ హోదా ఉన్నది ఒక్క బ్యాంకుకే.

అసలు కిటుకు నిబంధనల్లోని ఒక మాటలో ఉంది. ఆస్తిపై ఉన్న భారాల వివరాలను, బ్యాంకుకు ‘తెలిసినంత మేరకు’, వేలం నోటీసులో ఇవ్వాలి. సేల్ సర్టిఫికెట్‌లోనూ అంతే. బ్యాంకుకు తెలిసిన భారాల ప్రస్తావనే ఉంటుంది. అంటే తెలుసుకున్న బ్యాంకుకు బాధ్యత, తెలుసుకోని బ్యాంకుకు విముక్తి. మునిసిపాలిటీకి ఒక ఉత్తరం, డిస్కంకు ఒక ఉత్తరం, అసోసియేషన్‌కు ఒక ఫోను, సబ్ రిజిస్ట్రార్ దగ్గర తాజా ఈసీ: రెండు రోజుల పని ఇది. ఈ పని చేసిన అధికారి ఆస్తి విలువ తగ్గిందని పైవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. చేయకపోతే ఆయనను అడిగే నాథుడు లేడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే దోషం పిల్లిది. ఇక్కడ కళ్లు మూసుకోమని చెబుతున్నది నిబంధనే.

ఇక స్వాధీనం. ప్రకటనలో మూలన ‘సింబాలిక్ పొజెషన్’ అని ఉంటే, తలుపు మీద నోటీసు అంటించారు కానీ ఇంట్లో మనుషులు ఉన్నారని అర్థం. వాళ్లను ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా కలెక్టరు దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో వెళ్లాలి. 30 రోజుల్లో, కారణం చూపితే మొత్తం 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టం. అప్పు తీసుకున్నాయన ఈలోగా హైదరాబాద్ లేదా విశాఖ రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్తే లెక్క మారిపోతుంది. అక్కడ కేసు నాలుగు నెలల్లో తేల్చాలన్నది కూడా చట్టమే, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అక్కడ ఓడినవారు అప్పీలుకు కోల్‌కతా పోవాలి. ఇంటి సొమ్మంతా కట్టి, బయట అద్దె కడుతూ, ఏ పాపమూ ఎరగని మూడో వ్యక్తిగా వాయిదాలకు తిరిగేది పాట పాడినవాడు.

కట్టలేకపోతే బ్యాంకు ఊరుకుంటుందా? గడువులోగా మిగతా సొమ్ము రాకపోతే కట్టిన 25 శాతమూ జప్తు. కరోనా కాలంలో చిక్కుకున్న ఒక తమిళనాడు కొనుగోలుదారు 3 కోట్ల పైచిలుకు పోగొట్టుకున్న కేసులో, జప్తు చెల్లుతుందని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వేలం ప్రక్రియకు కట్టుబాటు లేకపోతే దళారులు ఆడుకుంటారన్న భయం నిజమే. జప్తును మేమూ తప్పనడం లేదు. ఒకవైపే ఉండటం తప్పంటున్నాం. చెప్పిన తేదీకి డబ్బు కట్టనివాడికి పావు వంతు శిక్ష ఉంటే, చెప్పిన ఇల్లు అప్పగించని బ్యాంకుకు ఏ శిక్షా ఉండొద్దా?

స్టాంపు సుంకంలోనూ అయోమయమే. సేల్ సర్టిఫికెట్ ప్రతిని సబ్ రిజిస్ట్రార్ తన పుస్తకంలో దాఖలు చేసుకుంటే చాలు, అందుకు సుంకం అక్కర్లేదు, అదే పత్రాన్ని వేరే అవసరానికి వాడితే మాత్రం సుంకం పడుతుందని సుప్రీంకోర్టు 2024 నవంబరులో పంజాబ్ కేసులో తేల్చింది. ఏ అవసరానికి కట్టాలి, దేనికి అక్కర్లేదో కొన్నవారికి అర్థమయ్యే తెలుగులో ఒక సర్క్యులర్ ఇవ్వడానికి మన రెండు రిజిస్ట్రేషన్ శాఖలకు అడ్డేమిటి?

బకాయిలన్నీ మా నెత్తినేస్తే మొండి బాకీలు వసూలయ్యేదెలా అని బ్యాంకులు అడుగుతాయి. తెలియని భారం భయంతో కొనుగోలుదారులు తక్కువకు పాడుతున్నారన్నది వాళ్లు మరిచిపోతున్నారు. అజ్ఞానానికి కట్టే వెల అది. దాని నష్టం బ్యాంకుకూ ఉంది, ఇల్లు పోగొట్టుకున్న రుణగ్రహీతకు మరీ ఉంది. ఇల్లు తక్కువకు పోతే మిగిలిన అప్పు ఇంకా ఆయన మీదే ఉంటుంది కదా. అమెరికాలో మామూలుగా గృహరుణంతో ఇల్లు కొనేవారికి ముగింపు ఖర్చుల పట్టిక రూపాయి రూపాయికీ (అక్కడైతే డాలరు డాలరుకూ) లెక్కగట్టి మూడు పనిదినాల ముందే చేతికివ్వాలి. 2015 నుంచి అక్కడ అది నిబంధన. దాని వల్ల ఆ దేశంలో బ్యాంకులు మూతపడలేదు.

2025 జనవరిలో ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలాల కోసం కేంద్రం కొత్త హంగులతో బ్యాంక్‌నెట్ పోర్టల్ తెచ్చింది. అప్పటికే 1,22,500కు పైగా ఆస్తులు అందులో చేరాయన్నారు. ఫొటోలు, మ్యాపులు బాగానే ఉన్నాయి. ప్రతి ఇంటి కిందా ఇంకో పెట్టె చేర్చాలి: ఇంటి పన్ను ఇంత, కరెంటు ఇంత, మెయింటెనెన్స్ ఇంత, కేసు ఉందా లేదా, రిజిస్ట్రేషన్లు చేయకూడని ఆస్తుల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా లేదా, లోపల ఎవరున్నారు. కింద బ్యాంకు అధీకృత అధికారి సంతకం. అందులో లేని పాత బాకీ ఏది బయటపడినా వేలం సొమ్ములోంచి బ్యాంకే కట్టాలి. నోటీసులు, వేలం ఖర్చులు ఆ సొమ్ములోంచే మొదట మినహాయించుకునే హక్కు చట్టం బ్యాంకుకు ఇచ్చినప్పుడు, ఇంటి పన్ను మినహాయించడం అసాధ్యమేమీ కాదు. మనుషులు ఖాళీ చేయని ఇంటికి మిగతా 75 శాతం గడువు తాళం ఇచ్చిన రోజు నుంచే లెక్కించాలి. ఆర్థిక శాఖ నిబంధనల్లోంచి ‘తెలిసిన’ అన్న ఒక్క మాట తీసేసి, ‘విచారించి తెలుసుకోదగిన’ అని రాస్తే సగం పని అయిపోతుంది.

అది జరిగేదాకా, వేలంలో ఇల్లు చూసుకుంటున్న పాఠకులకు ఒక్క మాట. ధరావత్తు కట్టకముందే పై ఆరు ప్రశ్నలూ కాగితం మీద రాసి, అధీకృత అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. జవాబు రాతలో రాకపోతే ఆ ఇంటికి పాట పాడకండి.