రైల్వే పద్దుల్లో దాగిన లోటు

ఆక్వర్త్ కమిటీ సిఫార్సుపై 1924లో సాధారణ పద్దుల నుంచి వేరుపడిన రైల్వే బడ్జెట్ 2017లో తిరిగి సాధారణ బడ్జెట్‌లో కలిసిపోయింది. దాంతో రైల్వేలకు ఏటా కేంద్రానికి డివిడెండు చెల్లించే భారం తప్పింది. 2017-18లో 55 వేల కోట్ల రూపాయలుగా ప్రతిపాదించిన కేంద్ర మూలధన సాయం 2024-25 బడ్జెట్‌లో 2.52 లక్షల కోట్లకు పెరిగింది. నిధుల మాట సరే, లెక్క చెప్పే మాటేమిటి?

విలీనం జరిగిన తొలి ఏడాదే నూరు రూపాయల రాబడికి 98 రూపాయల 44 పైసలు ఖర్చయినట్లు రైల్వేలు చూపాయి. ఎన్‌టీపీసీ, ఇర్కాన్‌ల నుంచి పుచ్చుకున్న అడ్వాన్సులను మినహాయిస్తే ఆ ఖర్చు 102 రూపాయల 66 పైసలని కాగ్ తేల్చింది. అంటే, మిగులుగా కనిపించిన 1,665 కోట్ల రూపాయల వెనుక ఉన్నది 5,676 కోట్ల లోటు! ప్రయాణికుల రైళ్ల నష్టాన్ని సరకు రవాణా లాభంతో పూడ్చడం ఏళ్ల తరబడి సాగుతున్నదే.

రైల్వే మంత్రి విడిగా బడ్జెట్ ప్రసంగం చేసే ఆనవాయితీ విలీనంతో పోయింది. కాగ్ చెబితే తప్ప అసలు లెక్క తెలియని పరిస్థితి మాత్రం పోవలసి ఉంది. ప్రయాణికుల రైళ్లపై నష్టమెంత, దానిని భరిస్తున్నదెవరు అన్నది ఏటా బడ్జెట్‌తో పాటే పార్లమెంటు ముందు సూటిగా ఉంచాలి. ప్రజాధనం కోరేవారికి ఆపాటి బాధ్యత తప్పదు.