ఆకు లాభం వాళ్లకు, జరం మనకా?
దుమ్ముగూడెం తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! 1948 చట్టంతో మొదలైన ఈఎస్ఐ బీమా చూడండి. పది మంది, ఆపైన పనిచేసే ఫ్యాక్టరీలో నెలకు 21,000 లోపు జీతగాళ్లకు బీమా తప్పనిసరి. పదివేల జీతానికి కార్మికుడు 75 రూపాయలు, యజమాని 325 కట్టాలి. జబ్బు చేస్తే వైద్యం ఒక్కటే కాదు, ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం కూడా వస్తుంది.

మరి ఎండలో తునికాకు కోసే అవ్వకు? మిర్చి ఏరబోయే అక్కకు? కాగితం మీద యజమానే లేడు, ఇక వాటా ఎవడు కడతాడు?

ఆరోగ్యశ్రీ ఉందిగా అంటారు. అది ఆసుపత్రి ఖర్చు కడుతుంది, మంచాన పడ్డ రోజుల కూలి కట్టదు.

మనం అడిగేది దయ కాదు, హక్కు. ఆకు కొనేవాడే బీమా వాటా కట్టాలి. గ్రామసభల్లో తీర్మానం చేద్దాం. జై ఆదివాసీ!